మూడో గడి

డబ్బాలో బొత్తాలకు నాలుగేసి కన్నాలున్నాయి. వీటికి లేవు.

డాక్టరమ్మ ఒకటి తీసి అరచేతిలో పెట్టుకుని కిటికీ వెలుతురులో చూసింది. తెల్లగా, గుండ్రంగా, నడుమ ఒక గీతతో చొక్కా బొత్తామంత ఉంది. డబ్బాను బల్ల మీద బోర్లించింది. తెల్ల బొత్తాలూ తెల్ల మాత్రలూ కలగలిసి దొర్లాయి. విడదీయడానికి పది నిమిషాలు పట్టింది. మాత్రలు ఇరవై రెండు తేలాయి. రోజుకు రెండు చొప్పున పదకొండు రోజులవి.

ఆమె డబ్బా తీసింది తన తెల్లకోటుకు ఊడిన బొత్తాం కుట్టుకుందామని. నిజానికి ఇంకా డాక్టరు కాలేదు, మెడిసిన్ మూడో ఏడు చదువుతోంది. ఆరేళ్ళప్పుడు గుడ్డబొమ్మకు సీసాడు దగ్గుమందు పట్టించింది. బొమ్మ బతకలేదు గానీ పిల్లకు ఆ పేరు బతికిపోయింది.

“నాన్నా, ఒకసారి ఇటు రా.”

తండ్రి కుంటుకుంటూ వచ్చాడు. లిఫ్టులు బాగుచేసే మనిషి. మోకాలు చెడ్డాక పైకెక్కొద్దని స్టోరులో కూర్చోబెట్టారు. జీతం కూడా ఆయనతోపాటే కింది అంతస్తుకు దిగింది.

బల్ల మీది రెండు కుప్పలూ చూశాడు. ఏ కుప్ప ఏదో తెలియడానికి ఆయనకూ కాసేపు పట్టింది.

“మీ అమ్మవేనా?”

“ఇంకెవరివి?”

లోపలి గదిలో తల్లి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నుదుటి మీద కట్టు, పళ్ళ మధ్య నలిగి వాచిన నాలుక. శనివారం మధ్యాహ్నం కుట్టుషాపులో, కత్తిరింపుల బల్ల దగ్గర, చేతిలో పెద్ద కత్తెర ఉండగానే ఫిట్స్ వచ్చి పడిపోయింది. కత్తెర అటు పడింది, మనిషి ఇటు పడింది. అదొక్కటే అదృష్టం. రాత్రంతా ఆసుపత్రిలో ఉంచుకుని ఈ ఉదయం ఇంటికి పంపారు.

నిన్న అత్యవసర విభాగంలో డ్యూటీ డాక్టరు అడిగాడు, “మందులు సరిగ్గా వేసుకుంటున్నారా అమ్మా?” అని. తల్లి నోరు తెరిచింది. మాట పెగిలేలోగానే, పక్కన తెల్లకోటు వేసుకుని నిలబడ్డ కూతురు జవాబు చెప్పేసింది. “వేసుకుంటుంది సార్. నేనే దగ్గరుండి చూసుకుంటాను.”

ఇప్పుడు ఆ మాట గుర్తొచ్చింది. సిగ్గుగానీ కోపంగానీ రాలేదు. నిద్ర లేకపోతే మనిషికి ఏదీ సమయానికి రాదు.

తండ్రీకూతుళ్ళు లోపలికి వెళ్ళారు.

“అమ్మా, ఇవేంటి?”

తల్లి తల తిప్పి చూసింది. “మాత్రలు.”

“నోట్లో వేసుకోవాల్సినవి డబ్బాలో ఎందుకున్నాయి?”

“పారెయ్యబుద్ధి కాలేదు.”

“పదకొండు రోజులమ్మా! నేను పొద్దునా సాయంత్రం అడుగుతూనే ఉన్నా. వేసుకున్నావా అంటే ఊఁ అన్నావు.”

“నువ్వు పుస్తకంలోంచి తలెత్తకుండా అడిగేదానివి. నేను కుట్టుమిషన్‌లోంచి తలెత్తకుండా ఊఁ అనేదాన్ని. సరిపోయింది.”

వాచిన నాలుకతో ఒక్కో మాటా దారంలా లాగి లాగి చెబుతోంది. తండ్రి మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. అంతలో వీధి తలుపు చప్పుడైంది.

వచ్చింది షాపు యజమానురాలు. నిన్న పడిపోయినప్పుడు బల్లకింద ఉండిపోయిన కళ్ళజోడూ, మెడలో వేసుకునే కొలతల టేపూ కవర్లో పెట్టి తెచ్చింది.

“ఎలా ఉంది అక్కా? లేవకు, లేవకు.” కవరు మంచం మీద పెట్టింది. కూర్చోలేదు. చెప్పాల్సింది ఉన్నవాళ్ళు ఎందుకో కూర్చోరు. “తొందరపడి వచ్చెయ్యకు. నాలుగు రోజులు ఆగే రా. వచ్చేటప్పుడు మాత్రం మునుపటిలా రా.”

“మునుపటిలా అంటే ఏంటండీ?” అన్నాడు తండ్రి.

“తిట్టుకుంటూ, బాబూ.” ఆవిడ నవ్వలేదు. “ఈవిడ కొలతలు తీస్తుంటే మగాళ్ళందరూ పొట్ట లోపలికి లాక్కుంటారు కదా. ‘ఊపిరి వదలండి సార్, రేపు భోంచేశాక కూడా ఈ చొక్కాలో మీరే ఉండాలి’ అని మొహం మీదే అనేది. వాళ్ళు ఊపిరి వదిలాకే టేపు వేసేది. ఇప్పుడు నాలుగు నెలలుగా ఎవరినీ ఒక్క మాట అనట్లేదు. వాడు బిగబట్టుకుని ముప్పై ఆరు అంటే ముప్పై ఆరే రాసేస్తోంది. ఎన్ని చొక్కాలు తిరిగొచ్చాయో నాకు తెలుసు, ఆ పైవాడికి తెలుసు. మొదట్లో నేనూ అనుకున్నా, పోనీలే, నోరు మంచిదైంది అని.”

ఆవిడ వెళ్ళిపోయాక కూడా ఆ మాట గదిలో ఉండిపోయింది. నాలుగు నెలలు. ఎవరూ లెక్క వెయ్యనక్కర్లేదు. నాలుగు నెలల కిందటే పసుపు మాత్ర మాన్పించి తెల్ల మాత్ర మొదలుపెట్టారు. ఆసుపత్రిలో చెప్పి మాన్పించింది డాక్టరమ్మే. రెండూ ఫిట్స్ ఆపుతాయి. తెల్లది పాతకాలం నుంచి ఉన్న మందు, పసుపుదాని ధరలో పావు వంతుకు వస్తుంది. ఆమె చదివిన పుస్తకంలోనూ, కాలేజీలో చేస్తున్న సర్వేలోనూ అదే ఉంది.

“మత్తుగా ఉంటుందని నాకెందుకు చెప్పలేదు?” అంది కూతురు.

“మత్తు కాదు.” తల్లి టేపు తీసి వేలికి చుట్టుకుంది. “మత్తయితే నిద్రొస్తుంది. ఇది తిమ్మిరి. కాలి మీద కాలేసుకుని చాలాసేపు కూర్చుంటే తిమ్మిరెక్కదూ? గిల్లినా మనది కానట్టుంటుంది చూడు, అలా. కాకపోతే కాలికి కాదు.”

“మరి దేనికి?”

“అన్నిటికీ.”

వంటింట్లో కుళాయి సరిగా కట్టలేదు కాబోలు, చుక్కలు పడుతున్నాయి.

“మీ మావయ్య పోయినప్పుడు నేను ఏడ్చానా?” అంది తల్లి ఉన్నట్టుండి.

కూతురు ఆలోచించింది. రెండు నెలల కిందటి మాట. అమ్మకు తోడబుట్టినవాడు ఆయన ఒక్కడే. అమ్మ ఆ రోజు వచ్చినవాళ్ళకు కుర్చీలు వేసింది, మంచినీళ్ళిచ్చింది. చెప్పులు వరసగా సర్దింది.

“లేదు. అందరూ మెచ్చుకున్నారు కూడా. ఎంత నిబ్బరం అన్నారు.”

“నిబ్బరమా, నా మొహమా! నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాను. వాడు నన్ను భుజాల మీద ఎక్కించుకుని బడికి తీసుకెళ్ళినవాడు. వాడి మొహం చూస్తూ, ఇంత గడ్డం పెరిగిందేంటి, ఎవరన్నా గీస్తే బాగుండు అనుకున్నాను. అంతే. అంతకుమించి ఒక్కటంటే ఒక్కటి రాలేదు. ఇంటికొచ్చి రెండిడ్లు కుట్టాను.”

“రెండిడ్లు ఏంటే?” అన్నాడు తండ్రి.

“రెండు జేబులు. నాలుక తిరగట్లేదు.” ఇంకో రోజైతే అందరూ నవ్వేవాళ్ళే. “అందుకే మానేశాను. ఫిట్స్ వస్తే వచ్చాయి, ఒక్కసారి వాడి కోసం ఏడవాలి అనిపించింది. అనిపించింది అని కూడా కాదు. ఏడవకపోతే వాడికి బాకీ పడతానేమో అని ఆలోచన వచ్చింది. ఆలోచన అయితే వచ్చేది, మిగతాది వచ్చేది కాదు.”

“వచ్చిందా?” అంది కూతురు.

“తొమ్మిదో రోజు వచ్చింది. ఎవరిదో కుర్తా చేతులు కత్తిరిస్తున్నా. వాడి చేతులు గుర్తొచ్చాయి. బల్లకింద దూరి గుడ్డముక్కల్లో మొహం పెట్టుకుని ఏడ్చాను. హాయిగా ఏడ్చాను. పదకొండో రోజు పడిపోయాను. లెక్క సరిపోయింది.”

డాక్టరమ్మ మంచం అంచున కూర్చుంది. తనకూ ఏడుపు రావాలి కదా అనుకుంది. రాలేదు. తను ఏ మాత్రా వేసుకోవడం లేదు కూడా.

“ఇదంతా నాకు ముందే ఎందుకు చెప్పలేదమ్మా? మందు మార్చేటప్పుడు అడిగానుగా. కాగితం పట్టుకుని, ఇదిగో ఈ మంచం మీదే కూర్చుని అడిగాను. నీకు ఏది ఇష్టం అని.”

“చెప్పానుగా.”

“ఏం చెప్పావు?”

“నీ ఇష్టం అన్నానుగా.”

తండ్రి ఫక్కున నవ్వాడు. నవ్వాక తప్పు చేసినవాడిలా మోకాలు రుద్దుకున్నాడు. “ఒసే పిచ్చిదానా, ఇరవై రెండేళ్ళు ఈ ఇంట్లో పెరిగావు, మీ అమ్మ ‘మీ ఇష్టం’ అంటే ఏంటో నీకు తెలీదా? ఆ గోడ చూడు.”

“ఏ గోడ?”

“ఆకుపచ్చ గోడ. కొత్తగా ఈ ఇంట్లో దిగినప్పుడు ఆకుపచ్చ వేయిద్దామా అన్నా. మీ ఇష్టం అంది. వేయించా. ఇరవై మూడేళ్ళయింది, ఒక్క రోజు ఆ గోడవైపు తిరిగి అన్నం తినలేదు. ఆ కుర్చీ ఎటు తిరిగుందో చూడు. మీ ఇష్టం అంటే చచ్చినా వద్దు అని. అది తెలిసినవాడు బతుకుతాడు.”

“అన్నిసార్లూ అలా కాదు,” అంది తల్లి. “ఒక్కోసారి నాకు తెలీదు అని. ఒక్కోసారి నువ్వు చెప్పు, వింటాను అని. ఒక్కోసారి అడిగినట్టు నటించకు, ఎలాగూ చేసేదే చెయ్యి అని.”

“మరి ఆ రోజు ఏది?”

“నువ్వు కోటు వేసుకుని అడిగావు. ఇంట్లో కోటెందుకే? ఎదురుగా డాక్టరు కూర్చుంటే ఇంకేమంటారు ఎవరైనా?”

తండ్రి లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. వాళ్ళవైపు చూడకుండా మాట్లాడాడు. “ఒక మాట ఒప్పుకోవాలి. ఈ నాలుగు నెలలూ నాకు బాగుంది. స్టోరు నుంచి వచ్చేసరికి ఇల్లు ప్రశాంతంగా ఉండేది. ఎందుకు లేటు అనే మాట లేదు, సబ్బు నీళ్ళలో వదిలేశారనే మాట లేదు. నా అదృష్టం అనుకున్నా. నీకు ఏమైందో అని ఒక్కసారన్నా అనుకోలేదు.”

తల్లి ఆయన వీపు చూస్తూ పడుకుంది. ఆ నాలుగు నెలల్లోనే కూతురికి క్లాసులో మొదటి ర్యాంకు వచ్చింది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే చదువు బాగా సాగుతుంది.

కూతురు మళ్ళీ అడిగింది. కోటు వేసుకోలేదు, కాగితం పట్టుకోలేదు. “నీకేది కావాలమ్మా?”

“పసుపుది.” ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. “దాంతో ఫిట్సూ రాలేదు, నేనూ ఉన్నాను.”

అడిగినంత తేలిగ్గా ఇచ్చేది కాదది. పసుపు మాత్ర బయట షాపులో కొనాలంటే ఒక్క అట్టకు తండ్రి వారం జీతం పోతుంది. ఇన్నేళ్ళూ కాలేజీ ఆసుపత్రి కౌంటర్లో తక్కువ ధరకు ఇచ్చేవాళ్ళు కాబట్టి నడిచింది. పదిరోజులుగా కౌంటర్లోనూ ఆపేశారు. ఇక తెప్పించాలా మానాలా అన్నది మంగళవారం మందుల కమిటీ తేలుస్తుంది. కమిటీ ముందు పెట్టే రిపోర్టు ఫార్మకాలజీ విభాగం వారిది: “మందుల ఖర్చు, రోగుల ఇష్టాయిష్టాలు, వైద్య విద్యార్థుల అభిప్రాయాలు.” దాని మీద మొదటి పేరు డాక్టరమ్మది.

తల్లి చెయ్యి చాచింది. “నీళ్ళివ్వు.”

ఆసుపత్రిలో మళ్ళీ రాసిచ్చిన తెల్ల మాత్రను ఇద్దరూ చూస్తుండగా నోట్లో వేసుకుని మింగింది. గ్లాసు తిరిగిచ్చింది.

“ఇంకో రెండు మూడు రోజులు ఉంటాను,” అంది మామూలుగా. “నన్నేమన్నా అడగాలంటే ఈలోపే అడగండి.”

*

సోమవారం ఉదయం ఎనిమిదింటికి ఫార్మకాలజీ విభాగంలో ఫ్యాను ఇంకా వెయ్యలేదు. సర్వే కాగితాలు మూడు వందల పది, అయిదు కట్టలుగా బీరువాలో ఉన్నాయి. డాక్టరమ్మ వాటిని నేలమీద పరిచింది. పక్కన గొంతుక్కూర్చున్నవాడు ఆమె క్లాసువాడే, సర్వేలో సగం పని చేసినవాడు. అంకె కనిపిస్తే గళ్ళు గీస్తాడు కాబట్టి వాడికి పట్టికలని పేరు పడింది.

“ఏం వెతుకుతున్నావో చెబితే నేనూ వెతుకుతా,” అన్నాడు పట్టికలు.

“మూడో గడి.”

ప్రశ్న పన్నెండు: మీకు ఏ మందు ఇష్టం? కింద మూడు గళ్ళు. ఒకటి పసుపుది, రెండు తెల్లది, మూడు ఏదైనా సరే. రోగి అన్న మాటను అన్నట్టే పక్కన గీత మీద రాయాలి. తర్వాత గడిలో గుర్తు పెట్టాలి. మూడో గడిలో గుర్తున్న కాగితాలు నూట తొంభై. రిపోర్టు మొత్తం ఆ గడి మీదే నిలబడింది. సగం మందికి పైగా రోగులకు ఏ మందైనా ఒకటే, కాబట్టి చవకదే ఇవ్వవచ్చు అని.

“ఇది చదువు,” అంది.

పట్టికలు చదివాడు. “‘మీ ఇష్టం అమ్మా, మాకేం తెలుసు.’ మూడు. కరెక్టే.”

“ఇది?”

“‘మీ ఇష్టం. ఏం రాసినా కొనేది నేనేగా.’ మూడు.”

“ఇది?”

ఈసారి వాడు పైకి చదవలేదు. కాగితం మీద ఇలా ఉంది: పాతదే బాగుండేది, కానీ మీ ఇష్టం. గుర్తు మూడో గడిలోనే ఉంది.

“ఇది ఒకటో గడి కదా! ఎవరు వేశారిది?”

“చేతిరాత చూడు.”

చూశాడు. అది డాక్టరమ్మ చేతిరాత. పట్టికలు కాగితం ఆమె ముందు పెట్టాడు. “‘మీ ఇష్టం’ అన్న ప్రతి ఒక్కరినీ మూడులో వెయ్యమని రూలు పెట్టింది కూడా నువ్వే. మొదటి రోజే. నేను అడిగా, అది జవాబు కాదేమో, ఇంకోసారి అడగాలేమో అని. టైము లేదన్నావు. ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలే అన్నావు.”

“అన్నాను.”

“మరి ఇప్పుడు నా మీద అరవకు.”

“అరవట్లేదురా.”

నిజంగానే అరవడం లేదు. అరిస్తే బాగుండేదని వాడికి అనిపించింది.

అన్నిటికన్నా అడుగున ఒకటో నంబరు కాగితం ఉంది. అసలు సర్వేకు ముందు ప్రశ్నలు ఎలా ఉన్నాయో చూసుకోవడానికి ఇంట్లో నింపింది. తీసేయాల్సిన కాగితం. తొందరలో కట్టలో కలిసిపోయింది. పన్నెండో ప్రశ్న పక్కన “నీ ఇష్టం” అని రాసి ఉంది. “నీ” కొట్టేసి, పైన నీటుగా “మీ” అని దిద్ది ఉంది. సర్వేలో మర్యాద ఉండాలి కదా అని ఆ రోజు దిద్దింది. అమ్మ తనతో చెప్పిన మాటను ఎవరో పరాయి రోగి డాక్టరుతో చెప్పిన మాటగా మార్చింది.

ఆ కట్ట పక్కనే విద్యార్థుల అభిప్రాయాల కట్ట ఉంది. “రోగికి ఏది ఇష్టమో కనుక్కోవడం డాక్టరు బాధ్యతేనా?” నూట ఇరవై మందిలో నూట పన్నెండు మంది అవునన్నారు. తనూ అవుననే అంది. జవాబు అర్థం కాకపోతే మళ్ళీ అడుగుతారా అన్న ప్రశ్న మాత్రం ఆ కాగితంలో లేదు.

“మేడమ్ పదింటికి వస్తారు,” అన్నాడు పట్టికలు. “చెబుతావా?”

డాక్టరమ్మ కాగితాలు ఎత్తి కట్ట కట్టడం మొదలుపెట్టింది. మూడో గడివి వేరుగా కట్టింది.

*

ఫార్మకాలజీ మేడమ్ ఎప్పుడూ గొంతు పెంచదు. ముప్పై ఏళ్ళుగా పాఠం చెబుతోంది. కోపం వస్తే ఆకుపచ్చ పెన్ను మూత తీస్తుంది. ఆ మూత చప్పుడుకే సగం క్లాసు సర్దుకుని కూర్చుంటుంది.

మొత్తం విన్నది.

“మీ అమ్మగారికి ఎలా ఉంది?”

“ఇంట్లోనే ఉంది మేడమ్. తెల్లది మళ్ళీ మొదలుపెట్టారు.”

“ఇదంతా ఆవిడ కోసమేనా?”

కాదని చెబితే బాగుండేది. “అవును మేడమ్. అమ్మ పడిపోకపోతే నేను ఈ కాగితాలు మళ్ళీ చూసేదాన్ని కాదు.”

“ఇంటి మనిషిని సర్వేలో చేర్చకూడదని చెప్పాను కదా?”

“చెప్పారు. తప్పే. ఆ కాగితం తీసేద్దాం. అప్పుడు కూడా నూట ఎనభై తొమ్మిది ఉంటాయి.”

మేడమ్ పెన్ను మూత తీసింది. బల్ల మీది కాగితంలో ఒక అంకె కింద గీత గీసింది.

“నా మాట విను. పసుపు మాత్ర ఒక్కరికి ఇచ్చే డబ్బుతో తెల్లది నలుగురికి ఇవ్వచ్చు. ఇప్పుడు ఆ మిగతా ముగ్గురు ఏ మాత్రా లేక రోడ్డు మీద పడిపోతున్నారు. వాళ్ళ ఇష్టం ఎవరు కనుక్కున్నారు? నువ్వా? నేనా?”

మేడమ్ అన్నది అబద్ధం కాదు. డాక్టరమ్మ దారి పొడుగునా కూర్చుకుని వచ్చిన మాటలన్నీ ఆ ముగ్గురి ముందు ఆగిపోయాయి.

“దానికి నాకు జవాబు తెలీదు మేడమ్. డబ్బు లేదు కాబట్టి తెల్లదే ఇస్తాం అని రాస్తే అది నిజం. రోగులకు ఏదైనా ఒకటే అని రాస్తే నిజం కాదు. వాళ్ళు అలా అనలేదు.”

“మీ ఇష్టం అన్నారు. ముప్పై ఏళ్ళుగా వింటున్నాను. మీ ఇష్టం అంటే మీ ఇష్టమే.”

“మీ ఇంట్లో కూడానా మేడమ్?”

నోరు జారింది. గుమ్మం బయట నిలబడ్డ పట్టికలు కళ్ళు మూసుకున్నాడు. మేడమ్ మాత్రం పెన్ను చూస్తూ కూర్చుంది.

“మా అమ్మ చొక్కాలు కత్తిరిస్తుంది,” అంది డాక్టరమ్మ. ఇంక దాచుకునేదేమీ లేదు. “కొలతలు తీసేటప్పుడు అందరూ పొట్ట లాక్కుని నిలబడతారట. ఊపిరి వదలండి అని చెప్పి, వదిలాకే టేపు వేస్తుంది. మన ముందు వాళ్ళు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు మేడమ్. మనం బిగబట్టిన కొలతే రాసుకొచ్చాం.”

పైన ఫ్యాను తిరుగుతోంది. మేడమ్ కాగితం అంచు ఎగరకుండా వేలితో నొక్కి పట్టుకుంది.

“కమిటీ రేపు పదింటికి. ఒక్క రోజులో నూట ఎనభై తొమ్మిది మందిని మళ్ళీ అడుగుతావా?”

“దొరికినంతమందిని అడుగుతాను. ఫోన్ నంబర్లున్నాయి. లేదంటే ఆ గడి తీసేసి, మాకు తెలియదు అని రాద్దాం.”

“తెలియదు అని రాస్తే పేపరు లేదు. వచ్చే నెల డాక్టర్ల సభలో నువ్వు చదవడానికీ ఏమీ ఉండదు. మొదటి పేరు నీది.”

“తెలుసు మేడమ్.”

“ఏడాది పని.”

“తెలుసు.”

మేడమ్ ఆమెను చూసింది. చూపులో కోపమూ లేదు, మెచ్చుకోలూ లేదు. పెన్నుకు మూత పెట్టింది. కాగితాల కట్టను బల్ల మీద అటునుంచి ఇటు జరిపింది.

“నీ ఇష్టం,” అంది.

గుమ్మం దగ్గర పట్టికలు ఊపిరి వదిలాడు. మేడమ్ ఒప్పుకుందనే అనుకున్నాడు. గబగబా లోపలికొచ్చి, కట్ట ఎత్తుకుని, పద పద అన్నట్టు సైగ చేశాడు.

డాక్టరమ్మ కదల్లేదు. ఇంట్లో ఆకుపచ్చ గోడా, దానికి వీపు తిప్పి ఉన్న కుర్చీ గుర్తొచ్చాయి. తెల్లకోటు విప్పి చేతి మీద వేసుకుంది. బొత్తాం ఇంకా కుట్టుకోనే లేదు.

“నా ఇష్టం నేను చెప్పాను మేడమ్. మీకేది ఇష్టమో చెప్పండి.”

మేడమ్ మూసిన పెన్ను మళ్ళీ తెరిచింది. ఏమీ రాయలేదు. గోడ మీద గడియారం పదకొండు కొట్టింది. రేపు పదింటికి కమిటీ. ఇంట్లో అమ్మ ఇంకో రెండు రోజులు ఉంటుంది.

డాక్టరమ్మ అలాగే నిలబడి ఉంది. ఈసారి అవతలి మనిషి జవాబు తనే చెప్పేయదలుచుకోలేదు.